ఒంట్లో రక్తం 5 లీటర్లు, కిడ్నీల వడపోత రోజుకి 180 లీటర్లు: ఈ లెక్క ఎలా కుదురుతుంది?

మీరు అడిగింది ఇది. పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి విసర్జన పాఠంలో అనుమానం వచ్చింది. "ఒంట్లో ఉన్న రక్తమే ఐదు లీటర్లు. కిడ్నీలు రోజుకి 180 లీటర్లు వడగడతాయట. బయటికి వచ్చేది లీటరున్నర. మిగతాది ఎటు పోతుంది నాన్నా?" అంది. మీరు "కిడ్నీ అంటే జల్లెడ లాంటిదమ్మా" అని చెప్పారు, ఆ జవాబు మీకే తృప్తిగా అనిపించలేదు. పనిలో పనిగా, నీళ్లు ఎక్కువ తాగితే కిడ్నీలు శుభ్రపడతాయా అని కూడా అడిగారు.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాను. విశాఖపట్నంలో డయాలసిస్ టెక్నీషియన్‌గా 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. కిడ్నీ చేయాల్సిన పనిని మెషీన్‌తో చేయించడం నా ఉద్యోగం. మెషీన్‌కి ఏమేం చేతకావో రోజూ చూస్తుంటే కిడ్నీ ఏం చేస్తోందో మెల్లగా అర్థమైంది. కాబట్టి ఈ జవాబులో మెషీన్ మాట మధ్యమధ్యలో వస్తూనే ఉంటుంది.

జల్లెడ అన్న మాట తప్పు కాదు, కానీ అది సగం కథే. మీ అమ్మాయికి సంక్రాంతి ముందు అటక సర్దడం గుర్తుచేయండి. నిచ్చెనెక్కి, చీకట్లో చెయ్యి పెట్టి, పనికిరానివి వెతికి ఒక్కొక్కటే బయటికి లాగడం ఒక పద్ధతి. అటక మీదున్నదంతా హాల్లోకి దించేసి, కావలసినవి మాత్రం మళ్లీ ఎక్కించి, కింద మిగిలినదాన్ని భోగి మంటలో పడేయడం ఇంకో పద్ధతి. కిడ్నీది రెండోది. మంచీ చెడూ చూడకుండా ముందు అన్నీ దించేస్తుంది. తర్వాత తనకి కావలసినవి ఏరుకుంటుంది. అది ఏరుకోకుండా వదిలేసిందే మూత్రం.

ఇదేం పిచ్చి పద్ధతి అని నాకూ మొదట్లో అనిపించింది. కానీ ఇందులో ఓ పెద్ద సౌకర్యం ఉంది. శరీరం లోపలికి వచ్చే ప్రతి చెత్తనీ కిడ్నీ గుర్తుపట్టాల్సిన పని లేదు. నిన్నగాక మొన్న కంపెనీవాళ్లు తయారుచేసిన మందు నీళ్లలో కరిగేదైతే, దాన్ని వెనక్కి పిలిచేవాళ్లు లోపల ఎవరూ ఉండరు కాబట్టి చాలావరకు తనంతట తనే బయటికి పోతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది కావలసినవాటి జాబితా ఒక్కటే. అది చిన్నదే: నీళ్లు, ఉప్పు, చక్కెర, బైకార్బొనేట్, అమినో ఆమ్లాలు, ఇంకొన్ని.

ఇక లెక్క. పెద్దవాళ్లలో రెండు కిడ్నీలకీ కలిపి నిమిషానికి సుమారు లీటరు నుంచి లీటరుంపావు రక్తం వెళ్తుంది. గుండె పంపే రక్తంలో ఐదో వంతు పైమాటే. రెండూ కలిపి 300 గ్రాముల బరువు ఉండే అవయవాలకి ఇంత రక్తం ఎందుకు? వాటి ఆకలి కోసం కాదు, వడగట్టడం కోసం. ఆ రక్తంలో కణాలు పోగా ఉండే ద్రవం ప్లాస్మా. అందులో ఐదో వంతు, అంటే నిమిషానికి దాదాపు 125 మిల్లీలీటర్లు, జల్లెడ దాటి అవతలికి దిగుతుంది. 125ని 1440 నిమిషాలతో గుణించమనండి. 1,80,000 మిల్లీలీటర్లు, 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా 3 లీటర్లే. అంటే ఒకే ప్లాస్మా రోజుకి 60 సార్లు దిగుతోంది, 60 సార్లు ఎక్కుతోంది. మీ అమ్మాయి అడిగిన ఆ 178 లీటర్లూ ఎక్కడికీ పోలేదు, మళ్లీ రక్తంలోకే వెళ్లాయి.

దించే చోటు గ్లోమరులస్. పాఠంలో రక్తకేశనాళికా గుచ్ఛం అని ఉంటుంది. ఒక్కో కిడ్నీలో ఇలాంటివి సుమారు పది లక్షలు. ఒక్కో గుచ్ఛానికి ఒక్కో సన్నని గొట్టం తగిలించి ఉంటుంది. గుచ్ఛం, గొట్టం కలిపితే ఒక నెఫ్రాన్. పుట్టినప్పుడు ఎన్ని ఉన్నాయో అన్నే, తర్వాత కొత్తవి పుట్టవు.

మామూలుగా కేశనాళికకి ఒక పక్క ధమని, ఇంకో పక్క సిర ఉంటాయి. గ్లోమరులస్‌కి మాత్రం రెండు పక్కలా ధమనికలే. లోపలికి తెచ్చేదాన్ని అభివాహి అనీ, బయటికి తీసుకెళ్లేదాన్ని అపవాహి అనీ పుస్తకాల్లో రాస్తారు. రెండు కొసలా కుళాయి ఉన్న గొట్టం అనుకోండి. ముందు కుళాయి తెరిచి, వెనకది కొంచెం బిగిస్తే మధ్యలో ఒత్తిడి పెరుగుతుంది. బీపీ కొలిచే లెక్కలోనే చెప్పాలంటే ఆ ఒత్తిడి సుమారు 60 మిల్లీమీటర్లు. రక్తంలోని ప్రోటీన్లు నీటిని వెనక్కి లాగుతాయి, గొట్టంలో అప్పటికే ఉన్న ద్రవం ఎదురు నెడుతుంది. ఇవన్నీ పోను చివరికి మిగిలే తోపు 10 మిల్లీమీటర్లే. అంత చిన్న తోపుతో రోజుకి 180 లీటర్లు.

ఈ రెండు కుళాయిల సంగతి తెలిస్తే మందుల గురించి ఒక ముఖ్యమైన విషయం తెలిసినట్టే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ముందు కుళాయిని తెరిచి ఉంచే రసాయనాలకి అడ్డుపడతాయి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వెనక కుళాయిని వదులు చేస్తాయి. ఈ రెండోది సాధారణంగా మంచికే, లోపలి ఒత్తిడి తగ్గి జల్లెడ ఎక్కువ కాలం మన్నుతుంది. డాక్టర్లు కావాలనే ఇస్తారు. చిక్కు ఎక్కడొస్తుందంటే, బీపీ మాత్ర రోజూ వేసుకునే పెద్దాయన విరేచనాలతో ఒంట్లో నీరు పోయిన రోజున, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి ఇంకో మాత్ర వేసుకున్నప్పుడు. ముందు కుళాయి మూసుకుంది, వెనకది తెరుచుకుంది, పైన ట్యాంకులో నీళ్లు తక్కువ. వడపోత పడిపోతుంది. ఇలా వచ్చినవాళ్లకి మా యూనిట్లో రెండు మూడు సార్లు డయాలసిస్ చేసి ఇంటికి పంపిన సందర్భాలు చాలా చూశాను. అందరూ అంత అదృష్టంగా తిరిగి వెళ్లలేదు.

జల్లెడ మూడు పొరలది. కన్నాలున్న కణాల పొర ఒకటి, మధ్యలో మెత్తటి పొర, అవతల వేళ్లు వేళ్లుగా చాచి పట్టుకున్న పోడోసైట్లు అనే కణాలు. నీళ్లు, ఉప్పు, చక్కెర, యూరియా, క్రియాటినిన్ హాయిగా దాటేస్తాయి. రక్తకణాలు దాటలేవు. ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లకి సైజూ అడ్డే, రుణావేశమూ అడ్డే. షుగరో బీపీయో ఈ పొరల్ని పాడుచేస్తే ఆల్బుమిన్ జారిపోతుంది, మూత్రంలో నురగ కనబడుతుంది. నురగ వచ్చిన ప్రతిసారీ కంగారుపడక్కర్లేదు, ఎత్తు నుంచి వేగంగా పడ్డా నురగ వస్తుంది. రోజూ వస్తూ, ఎంతసేపటికీ అణగకపోతే పరీక్ష చేయించుకోవాలి.

ఇదంతా నిజంగా ఇలాగే జరుగుతుందని ఎలా తెలిసింది అని మీ అమ్మాయి అడగొచ్చు, అడగాలి కూడా. 1840ల్లో జర్మనీలో కార్ల్ లుడ్విగ్ ఇది ఒత్తిడితో జరిగే వడపోత అన్నాడు. కాదు, కణాలే మూత్రాన్ని స్రవిస్తాయి అని ఇంకో వర్గం వాదించింది. వాదన ఎనభై ఏళ్లు నడిచింది. 1920ల్లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్స్, వేర్న్ అనే ఇద్దరు కప్ప కిడ్నీలోని ఒక్క గ్లోమరులస్ పక్కన గాజు సూది గుచ్చి, అక్కడ దిగిన చుక్కని పైకి లాగారు. అందులో చక్కెర ఉంది, ఉప్పు ఉంది. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో అవి లేవు. అంటే మొదట అన్నీ దిగాయి, దారిలో వెనక్కి వెళ్లిపోయాయి.

ఇప్పుడు ఏరుకోవడం. నా లెక్కలో అసలు కిడ్నీ ఇదే. దించడానికి కిడ్నీ ఖర్చుపెట్టేది పెద్దగా ఏమీ లేదు, ఆ ఒత్తిడి గుండె ఇచ్చింది. ఎక్కించడానికి మాత్రం తన సొంత శక్తి కావాలి. రోజుకి కిలోకి పైగా ఉప్పు, సుమారు 180 గ్రాముల చక్కెర కిందికి దిగుతాయి. ఉప్పులో కొన్ని గ్రాములు తప్ప మిగతాదంతా, చక్కెర దాదాపు మొత్తంగా, వెనక్కి వెళ్లాలి. గొట్టం గోడల్లోని కణాలు రాత్రీ పగలూ సోడియాన్ని తోడుతూనే ఉంటాయి. అందుకే బీపీ బాగా పడిపోయి షాక్‌లోకి వెళ్లిన మనిషికి రక్తం అందకపోతే కిడ్నీలో ముందుగా చచ్చిపోయేవి ఈ కణాలే.

గొట్టం మొదటి మెలికలోనే ఉప్పు, నీళ్లు మూడింట రెండొంతులు, చక్కెరైతే దాదాపు అంతా తిరిగి వెళ్లిపోతాయి. గ్లోమరులస్ దాటి బయటికొచ్చిన రక్తనాళమే ఈ గొట్టం చుట్టూ అల్లుకుని ఉంటుంది, తిరిగి ఎక్కించే నిచ్చెన అదే. అయితే చక్కెరని మోసే కూలీల సంఖ్యకి హద్దుంది. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే వాళ్లు మోయలేరు, మిగిలింది మూత్రంలోకి పోతుంది, పోతూ నీటిని కూడా లాక్కుపోతుంది. షుగర్ జబ్బులో మాటిమాటికీ మూత్రం, దాహం అందుకే. మధుమేహం అన్న పేరు పెట్టిన మన పాత వైద్యులకి చక్కెర మూత్రంలో పడుతోందని తెలుసు, చీమలు పట్టడం చూశారు. ఈ రోజుల్లో డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు ఆ కూలీల్లో చాలామందిని కావాలనే ఆపేస్తాయి. ఆ మందు వాడేవాళ్లు మూత్రపరీక్షలో చక్కెర కనబడిందని హడలిపోయి ఫోన్ చేస్తుంటారు. కనబడకపోతేనే ఆలోచించాలి.

ఏరుకోవడమే కాదు, గొట్టం కొన్నిటిని తనే పట్టుకుని బయటికి నెడుతుంది కూడా. పుస్తకంలో నాళికా స్రావం అనేది ఇదే. పొటాషియం, ఆమ్లం, కొన్ని మందులు ఇలా పోతాయి. పెన్సిలిన్‌ని కిడ్నీ ఎంత వేగంగా తోసేస్తుందంటే, 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో తొలి రోగికి ఇచ్చిన మందు చాలక, అతని మూత్రంలోంచే దాన్ని మళ్లీ తీసి ఇంజెక్షన్ చేశారు.

తర్వాతది హెన్లీ శిక్యం. ఇక్కడే పిల్లలు తడబడతారు. మాగాయ పెట్టడం చూసి ఉంటే సులువు. మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి ఉంచితే మూడో రోజుకి ఊట వస్తుంది. ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగింది. కిడ్నీ లోపలి భాగాన్ని, అంటే దవ్వని, ఈ శిక్యం అలా ఉప్పు పట్టించి ఉంచుతుంది. కిందికి దిగే కాడలోంచి నీళ్లు బయటికి పోగలవు. పైకి ఎక్కే కాడ ఉప్పుని మాత్రమే బయటికి తోడుతుంది, నీటిని కదలనివ్వదు. ఈ రెండూ ఎదురెదురుగా నడవడంతో ఉప్పదనం మెట్టుమెట్టుగా పెరిగి, లోతట్టు చివర రక్తం కన్నా సుమారు నాలుగు రెట్లు గాఢంగా తయారవుతుంది. కాళ్ల వాపుకి ఇచ్చే లాసిక్స్ మాత్ర పనిచేసేది ఆ ఎక్కే కాడ మీదే. ఉప్పు తోడటం ఆగింది, ఊట లాగే శక్తి పోయింది, అందుకే అరగంటకి బాత్రూమ్‌కి పరుగు.

చివర్లో సంగ్రహణ నాళం ఆ ఉప్పు దవ్వ మధ్యలోంచే కిందికి దిగుతుంది. అప్పటికి గొట్టంలో మిగిలిన ద్రవం పల్చగా ఉంటుంది. నాళం గోడకి నీటి తలుపులుంటాయి. మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ వస్తే తలుపులు తెరుచుకుంటాయి, ఉప్పు దవ్వ నీటిని లాక్కుంటుంది, మూత్రం చిక్కగా పచ్చగా వస్తుంది. హార్మోన్ రాకపోతే తలుపులు మూసి ఉంటాయి, తెల్లగా నీళ్లలా పోతుంది. ఆ తలుపుల ప్రోటీన్లకి ఆక్వాపోరిన్లని పేరు. వాటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. మద్యం ఈ హార్మోన్‌ని అణిచేస్తుంది. పార్టీ మరునాడు నోరు పిడచకట్టుకుపోవడానికి అదీ ఒక కారణం.

ఎంత బిగించినా మూత్రాన్ని రోజుకి అరలీటరు కన్నా తగ్గించడం కిడ్నీ వల్ల కాదు, ఆ రోజు చెత్త కరగడానికి అంత నీరైనా కావాలి. ఆ తర్వాత కథ మామూలే. మూత్రనాళాలు పిసికినట్టుగా కదులుతూ మూత్రాశయంలోకి నెడతాయి, నిండితే మనకి తెలుస్తుంది.

ఇప్పుడు మా మెషీన్ సంగతి. 1943లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ సాసేజ్‌లు చుట్టే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకి చుట్టి, నిజంగా పనికొచ్చే మొదటి యంత్రం చేశాడు. ఇప్పుడు చేతిలో పట్టే డయలైజర్‌లో పది వేల దాకా సన్నని పీచుల్లాంటి గొట్టాలుంటాయి. లోపల రక్తం, బయట డయాలసిస్ ద్రవం ఎదురెదురుగా పారతాయి. నాలుగు గంటల్లో ఆ ద్రవం 120 లీటర్లు ఖర్చవుతుంది. మంచి జల్లెడే, కానీ ఏరుకోవడం దానికి రాదు. పోకూడనివి పోకుండా ఉండాలంటే అవతలి ద్రవంలో సోడియం, బైకార్బొనేట్, కాల్షియం ముందే మేం కలిపి ఉంచాలి. ఆ ద్రవానికి కలిపే గాఢ ద్రావణాల డబ్బాలు, ఎ క్యాన్, బి క్యాన్, సరిగ్గా తగిలించామా, ద్రవంలో ఉప్పులు సరిపడా ఉన్నాయో లేదో చెప్పే కండక్టివిటీ అంకె ఎంత చూపిస్తోంది, ఇదే మా ధ్యాసంతా. గొట్టంలోని ఓ చిన్న కణం క్షణక్షణం తీసుకునే నిర్ణయాన్ని మేం పొద్దున్నే ఒకసారి తీసుకుని నాలుగు గంటలు అలాగే నడిపిస్తాం. అదీ వారానికి 12 గంటలు. కిడ్నీ వారంలోని 168 గంటలూ పనిచేస్తుంది.

జల్లెడ ఒక్కటే కాదని ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఆ మాటతో పుట్టే ఒక అపోహ ప్రాణాల మీదికి తెస్తుంది: "మూత్రం బాగానే వస్తోంది కదా, కిడ్నీకేం?" శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి తోటల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు నాతో అన్న మొదటి మాట చాలాసార్లు ఇదే. అక్కడి కిడ్నీ జబ్బు ఎక్కువగా గొట్టాల్నీ, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ తినేస్తుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. జల్లెడ ముందుగా చిరగదు కాబట్టి ప్రోటీన్ పెద్దగా పోదు, చాలామందిలో మొదట్లో బీపీ, వాపు కూడా ఉండవు. గొట్టం దెబ్బతిన్నప్పుడు ముందు పోయేది నీటిని వెనక్కి లాగే శక్తి. కాబట్టి మూత్రం తగ్గదు సరికదా, రాత్రిళ్లు రెండు మూడు సార్లు లేవాల్సి వస్తుంది. ఒకాయన "రోజుకి రెండు లీటర్లు పోస్తున్నా తమ్ముడూ, ఈ సూదులెందుకు?" అని మొదటి రోజు నాతో గొడవపడ్డాడు. నీళ్లు వస్తున్నాయి, వాటిలో పోవాల్సిన చెత్తే పోవడం లేదు.

దీనికి చూడాల్సింది రక్తంలో క్రియాటినిన్. అది విషమేమీ కాదు, కండరాల్లో రోజూ దాదాపు ఒకే మోతాదులో తయారయ్యే వ్యర్థం. తయారీ స్థిరంగా ఉంటుంది కాబట్టి, రక్తంలో పెరిగిందంటే దిగడం తగ్గిందని అర్థం. 1 నుంచి 2 అయితే "ఒక పాయింటే పెరిగింది" అంటారు. అది సుమారుగా సగం వడపోత పోయినట్టు. 5 నుంచి 6 అయితే భయపడతారు కానీ, ఆ మధ్యలో పోయింది చాలా తక్కువ. సన్నగా, కండ లేని అమ్మమ్మకి 1.2 ఉన్నా తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే రిపోర్టులో కింద ఉండే ఈజీఎఫ్ఆర్ అంకె, అంటే నిమిషానికి వడపోత ఎంతుందో చెప్పే అంచనా, చూడండి, దానితోపాటు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెండూ చేయించుకోవాలి. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. ఎందుకో ఉద్దానం సంగతి చదివాక మీకే తెలిసి ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, నీళ్లు. ఎక్కువ తాగితే వడపోత 180 నుంచి 200 లీటర్లేమీ అవదు. చివరి నాళంలో తలుపులు మూసుకుంటాయి, అదనపు నీరు బయటికి పోతుంది, అంతే. అదే చెత్త కాస్త పల్చగా పోతుంది. రాళ్లు వచ్చినవాళ్లకి ఆ పల్చదనమే మందు, రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగమంటారు. ఎండలో పనిచేసేవాళ్లు దాహం దాకా ఆగకుండా తాగాలి. మిగతావాళ్లకి దాహమే మంచి కొలత. పొద్దున్నే పరగడుపున లీటరు నీళ్లతో కిడ్నీ కడిగేయడం అనేదానికి ఆధారమేమీ లేదు.

మా యూనిట్లో ఉన్నవాళ్లకి లెక్క ఇంకోలా ఉంటుంది. మూత్రం ఆగిపోయినవాళ్లు రెండు డయాలసిస్‌ల మధ్య తాగిన ప్రతి గ్లాసూ ఒంట్లోనే ఉండిపోతుంది, వచ్చినప్పుడు బరువు తూచి అంతా మేం మెషీన్‌తో లాగాలి. మే నెలలో వాళ్లు నీళ్లు తాగరు, ఓ ఐసుముక్క నోట్లో పెట్టుకుని కరిగేదాకా చప్పరిస్తారు. కొబ్బరి బొండాం ఆరోగ్యమని బంధువులు తెస్తే, పొటాషియం భయానికి దాన్ని పక్క మంచం అటెండర్‌కి ఇచ్చేస్తారు.